యజమాని ఎవరు? చీపురు పట్టిన చేతులూ, చేతులు దులుపుకున్న చట్టమూ

మా అమ్మ ఇరవై ఆరేళ్లు ఒకే ఊళ్లో, ఇంచుమించు అవే నాలుగు వీధులు ఊడ్చింది. పని మానేశాక పి.ఎఫ్. డబ్బుల కోసం కాగితాలు నింపుతుంటే ఒక గడి దగ్గర మా కలం ఆగిపోయింది. ‘యజమాని పేరు’ అని ఉందక్కడ. “ఎవరి పేరు రాయాలయ్యా?” అని అడిగింది అమ్మ. మున్సిపాలిటీ అని రాస్తే చెల్లదన్నారు ఆఫీసులో. పోనీ కాంట్రాక్టరు పేరు రాద్దామంటే ఏ కాంట్రాక్టరు? అమ్మ లెక్కలో తొమ్మిది మంది మారారు. అందులో ఇద్దరి పేర్లే ఆమెకి గుర్తున్నాయి. ఇద్దరి మొహాలూ ఆమె చూసింది లేదు. ఆమె చూసింది మేస్త్రీని, మస్టరు రాసే జవానుని, బండి మీద వచ్చి కేకలేసి పోయే శానిటరీ ఇన్‌స్పెక్టరుని.

మా మేనత్త కూడా ఆ ఊళ్లోనే అదే పని చేసింది. ఆమె 1986లో దినకూలిగా చేరింది, అమ్మ 1997లో చేరింది. మేనత్తకి పెన్షన్ వస్తోంది, అమ్మకి లేదు. ఇద్దరి చీపురూ ఒకటే, చెత్తా ఒకటే, కులమూ ఒకటే. మధ్యలో తేడా వచ్చింది చట్టంలో. పదకొండేళ్ల తేడాలో చట్టం ఒకామెకి యజమానిని చూపించింది, ఇంకొకామెకి చూపించకుండా దాచేసింది. ఈ దాపరికం ఎట్లా జరిగింది, ఎవరికోసం జరిగింది అన్నదే ఈ వ్యాసంలో మేము వెతుకుతున్న విషయం.

కార్మిక చట్టాల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా మిల్లుల నుంచీ రైల్వేల నుంచీ మొదలుపెడతారు. దళితుల చరిత్ర రాసేవాళ్లు గుడి, బడి, బావి, రిజర్వేషన్ల నుంచి మొదలుపెడతారు. పొద్దున నాలుగింటికి వీధిలో చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషి ఈ రెండు చరిత్రల మధ్య సందులో పడిపోయింది. మా వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెడతాం.

పారిపోయిన కూలీ మీద కేసు

ఈ దేశంలో పని ఒప్పందం గురించి బ్రిటిష్ సర్కారు చేసిన చట్టాల్లో ముఖ్యమైంది 1859 నాటి పదమూడో చట్టం. పనివాళ్లు ఒప్పందం తప్పితే ఏం చెయ్యాలో చెప్పే చట్టం అది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పనికి రాకపోతే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. మేజిస్ట్రేటు డబ్బు కట్టమనో పనికి పొమ్మనో ఉత్తర్వు వేస్తాడు. ఆ ఉత్తర్వు తప్పిన కూలీకి మూడు నెలల దాకా కఠిన జైలు. యజమాని కూలి ఎగ్గొడితే మాత్రం ఆ చట్టంలో జైలు లేదు. ఒప్పందం ఇద్దరిదీ, నేరం మాత్రం ఒక్కడిది. ఈ చట్టం 1926 దాకా బతికింది.

దీనికి పదహారేళ్ల ముందే, 1843లో, బానిస మీద యజమానికి ఉండే హక్కుని కోర్టులు గుర్తించకూడదని చట్టం వచ్చింది. మన ఊళ్లలో దాని ఫలితం ఏమైందో అందరికీ తెలుసు. ‘బానిస’ అన్న మాట కాగితం మీద నుంచి పోయింది. దాని చోట్లో అప్పు వచ్చి కూర్చుంది. పాలేరు, జీతగాడు, భాగేలా అని పేర్లు మారాయి. పెళ్లికో చావుకో తెచ్చిన నాలుగు రూపాయలు రెండు తరాలని దొర గడపకి కట్టేశాయి. పారిపోదామంటే 1859 చట్టం లాంటివి వెనకనే ఉన్నాయి.

పాకీపని చేసేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. సంయుక్త రాష్ట్రాల 1916 మున్సిపాలిటీల చట్టంలో సఫాయి పనివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక సెక్షను పెట్టారు. రాతపూర్వక ఒప్పందం ప్రకారమో బోర్డు అనుమతితోనో తప్ప పని మానేస్తే రెండు నెలల దాకా జైలు. గుమాస్తా రాజీనామా ఇస్తే అది రాజీనామా. సఫాయివాడు ఇస్తే అది నేరం. ఊరంతా ముట్టుకోకూడదన్న మనిషి లేకుండా ఊరికి ఒక్కరోజు గడవదని ఆ చట్టమే ఒప్పుకుంది. ఒప్పుకుని జీతం పెంచలేదు, జైలు పెట్టింది.

మద్రాసు రాజధానిలో ఇంకో విచిత్రం ఉంది. అక్కడ 1920 ప్రాంతంలో ఏర్పడ్డ లేబర్ కమిషనరు శాఖకి అప్పజెప్పిన పెద్ద బాధ్యత అణగారిన కులాల సంక్షేమం. మాలమాదిగ పల్లెల్లో బడులు, బావులు, ఇళ్ల స్థలాలు చూసింది లేబర్ శాఖే. ‘లేబర్’ అంటే ఎవరో తెల్లదొరలకి తెలిసిందన్నమాట. పొలం పనిలో మావోళ్లని కూలీగా చూడగలిగారు. ఆ పనికి యజమానులుగా ఉన్న భూస్వాముల మీద మాత్రం బాధ్యత పెట్టలేకపోయారు. సంక్షేమం సర్కారు చేసింది, యజమాని జోలికి పోలేదు.

యజమాని మెడకి చుట్టుకున్న బాధ్యత

యజమాని మీద కూడా చట్టం బరువు పెట్టడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దపు మొదటి పాదం చివర్లో. మా లెక్కలో ఇందులో కీలకమైంది 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం. పనిలో దెబ్బ తగిలితే, ప్రాణం పోతే యజమాని డబ్బు కట్టాలని ఆ చట్టం చెప్పింది. అందులో పన్నెండో సెక్షను గురించి మనవాళ్లు ఎక్కువగా మాట్లాడుకోరు. తన వ్యాపారంలో భాగమైన పనిని ఎవడైనా కాంట్రాక్టరుకి ఇస్తే, ఆ కాంట్రాక్టరు కింద దెబ్బతిన్న కూలీకి అసలు యజమానే పరిహారం కట్టాలని ఆ సెక్షను అంది. తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు, అది వాళ్లిద్దరి గొడవ. అంటే కాంట్రాక్టరు అనే తెర వెనక అసలు మనిషి ఒకడుంటాడని వందేళ్ల క్రితమే చట్టానికి తెలుసు. కాబట్టి ఇవాళ ఏ అధికారైనా “కాంట్రాక్టరుని అడగండి, మాకు సంబంధం లేదు” అంటే అది తెలియక అంటున్న మాట కాదని గ్రహించాలి.

ఈ కాలంలోనే అంబేడ్కర్ కార్మిక రంగంలోకి వచ్చారు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ కూలి వచ్చే నేత ఖాతాలోకి అస్పృశ్యులని రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి గనక మైలపడుతుందని తోటి కార్మికులే అడ్డుపడేవాళ్లు. 1920ల చివర్లో జరిగిన సమ్మెల సమయంలో అంబేడ్కర్ ఈ మాటని యూనియన్ల ముందు పెట్టారు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడులో రైల్వే దళిత కార్మికుల సభలో, కార్మికులకి శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణిజం ఒకటి, పెట్టుబడిదారీ విధానం ఒకటి అని చెప్పారు. అదే ఏడాది నవంబరు 7న సమ్మె హక్కుని కుదించే బొంబాయి పారిశ్రామిక వివాదాల బిల్లుకి వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒకరోజు సమ్మె నడిపారు.

1942 జూలై నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. వారానికి 54 గంటలున్న ఫ్యాక్టరీ పనిని 48కి దించిన సవరణ 1946లో వచ్చింది. కనీస వేతనాల బిల్లు అదే ఏడాది సభకి వచ్చి 1948లో చట్టమైంది. ఆరోగ్య బీమా పథకానికి ఆయన హయాంలోనే 1944లో అదార్కర్ నివేదిక తయారై, 1948లో ఇ.ఎస్.ఐ. చట్టంగా రూపం తీసుకుంది. అంబేడ్కర్ అంటే రాజ్యాంగమూ రిజర్వేషనూ మాత్రమేనని చెప్పుకునే మనవాళ్లు ఈ నాలుగేళ్లని మళ్లీ చదవాల్సి ఉంది.

కనీస వేతనాల చట్టం మొదటి జాబితాలో ఏ పనులున్నాయో చూడండి. తోళ్ల పరిశ్రమ ఉంది, రాళ్లు కొట్టే పని ఉంది, రోడ్డు పని ఉంది, బీడీ ఉంది, వ్యవసాయం ఉంది, స్థానిక సంస్థల కింద చేసే పని ఉంది. కులం పేరు ఎక్కడా రాయలేదు. రాయకపోయినా సగం జాబితా మా పేటల్లో హాజరు పట్టీ లాగా ఉంటుంది.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం వెట్టిని నిషేధించాయి. ఈ రెంటినీ వేరువేరుగా చదవడం మన అలవాటు. పాకీపని చేసే మనిషి విషయంలో ఆ రెండూ ఒకే చోట కలుస్తాయి. 1960లో నాగపూర్ కార్పొరేషన్ కేసులో మున్సిపాలిటీ పారిశుధ్య పని కూడా ‘పరిశ్రమ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఊడ్చే మనిషి కూడా పారిశ్రామిక వివాదం లేవదీయగల కార్మికురాలైంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించడం కూడా వెట్టే అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కూలీలూ కాంట్రాక్టర్ల కింద పనిచేసినవాళ్లే. కాంట్రాక్టర్లు ఉన్నారు గనక మా బాధ్యత లేదన్న ప్రభుత్వ వాదన అక్కడ నిలవలేదు.

1970లో వచ్చిన కాంట్రాక్టు కార్మికుల చట్టం ‘ప్రధాన యజమాని’ అన్న మాటని గట్టిగా నిలబెట్టింది. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వాలి. తాగే నీళ్లు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స కాంట్రాక్టరు పెట్టకపోతే ప్రధాన యజమాని పెట్టాలి. ఏడాది పొడుగునా ఉండే పనుల్లో కాంట్రాక్టు పద్ధతినే నిషేధించే అధికారం పదో సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. వీధి ఊడ్చే పని కన్నా ఏడాది పొడుగునా ఉండే పని ఇంకేముంటుంది? పండగ రోజు మిల్లుకి సెలవుంటుంది. మాకు మాత్రం ఆ రోజే చెత్త రెండింతలు.

మేనత్తకి దొరికింది, అమ్మకి దొరకంది

ఆంధ్రప్రదేశ్‌లో 1994లో రెండో నంబరు చట్టం వచ్చింది. ప్రభుత్వంలో, స్థానిక సంస్థల్లో ఇక మీదట దినకూలీ నియామకాలు కూడవని అది చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు విడవకుండా పనిచేసిన వాళ్లని ఖాళీలని బట్టి క్రమబద్ధం చేస్తామంది. మా మేనత్త ఆ తలుపు మూసుకునేలోగా లోపలికి పోయింది.

దినకూలీ నియామకం కూడదన్నప్పుడు ఊళ్లో చెత్త ఆగిపోలేదు. ఊళ్లు పెరిగాయి, చెత్త పెరిగింది. ఎత్తే మనుషులు కావాలి, కానీ వాళ్లు మున్సిపాలిటీ మనుషులు కాకూడదు. అందుకే కాంట్రాక్టరు వచ్చాడు. దినకూలీ వ్యవస్థ అన్యాయమని చేసిన చట్టం, దినకూలీ కన్నా హీనమైన వ్యవస్థకి దారి తెరిచింది. దినకూలీకి కనీసం మస్టరులో పేరుండేది, ఏదో ఒకరోజు పర్మినెంటు అవుతామన్న ఆశ ఉండేది. కాంట్రాక్టు మనిషికి మస్టరే కాంట్రాక్టరు సంచీలో ఉంటుంది. టెండరు అయిపోతే సంచీతో పాటు సర్వీసూ పోతుంది.

కోర్టుల దారి కూడా ఈ కాలంలోనే మలుపు తిరిగింది. 1976 డిసెంబరు 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చే, తుడిచే, కాపలా కాసే పనులకి కాంట్రాక్టు పద్ధతి నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, నిషేధం ఉన్నచోట కాంట్రాక్టు కార్మికులు అసలు యజమాని ఉద్యోగులే అవుతారంది. ఐదేళ్లు తిరక్కుండానే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పుని తోసిపుచ్చింది, 1976 నోటిఫికేషన్‌ని కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికులు వాటంతట అవే ఉద్యోగులు కారంది. 2006లో ఉమాదేవి కేసు క్రమబద్ధీకరణ తలుపుని ఇంకా బిగించింది.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసింది 2003లో ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కార్మికుల చట్టానికి చేసిన సవరణ. ఒక సంస్థ ‘ప్రధాన కార్యకలాపం’లో కాంట్రాక్టు పెట్టకూడదని అది చెప్పింది. వినడానికి బాగుంది. తర్వాత ఏవి ప్రధాన కార్యకలాపం కావో జాబితా ఇచ్చింది. అందులో మొదటిది పారిశుధ్య పని. ఊడ్చడం, తుడవడం, అన్ని రకాల చెత్త తీయడం. ఆ పని కోసమే పెట్టిన సంస్థ అయితే తప్ప అది ప్రధానం కాదు. 1970 చట్టం అడిగిన ప్రశ్న ‘పని ఏడాది పొడుగునా ఉంటుందా’ అని. 2003 సవరణ అడిగిన ప్రశ్న ‘పని ముఖ్యమైనదా’ అని. మొదటి ప్రశ్నకి జవాబు క్యాలెండరులో ఉంటుంది. రెండో ప్రశ్నకి జవాబు చెప్పేవాడి కళ్లలో ఉంటుంది. ఈ దేశంలో ఏ పని ముఖ్యం, ఏ పని కాదు అని చూసే కళ్లకి వేల ఏళ్ల అలవాటుంది. ఊరు, వెలివాడ అన్న విభజనే ప్రధానం, ప్రధానం కానిది అన్న కొత్త బట్టలేసుకుని చట్టంలోకి వచ్చిందని మేమంటున్నాం.

ఇది మన రాష్ట్రంలోనే ఆగిపోలేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అదే నిర్వచనం, పారిశుధ్యంతో మొదలయ్యే అదే తరహా జాబితా ఉన్నాయి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 చట్టాల స్థానాన్ని తీసుకున్నాయి. 1970 చట్టం 20 మంది కాంట్రాక్టు కూలీలున్న చోటికి వర్తించేది, కోడ్‌లో ఆ సంఖ్య 50.

న్యాయంగా ఇంకో పక్క కూడా చెప్పాలి. సంక్షేమ సదుపాయాల బాధ్యతని కోడ్ నేరుగా ప్రధాన యజమాని మీద పెట్టింది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యతని నిలిపింది. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలంది. కనీస వేతనాన్ని జాబితాల నుంచి విడిపించి అందరికీ వర్తింపజేసింది. ఇవి చిన్న విషయాలేం కాదు. మా అమ్మకి ఇరవై ఆరేళ్లలో ఒక్క నియామక పత్రం చేతికి రాలేదు.

మాన్‌హోల్ దగ్గర యజమాని

యజమాని ఎంత దూరం పారిపోగలడో మాన్‌హోల్ దగ్గర తెలుస్తుంది. 1993లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. అందుకు తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పని పెట్టినవాడికి ఏడాది దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఆ చట్టం అమల్లోకి రావడానికే 1997 జనవరి 26 దాకా పట్టింది. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, వెట్టి విముక్తికి పనిచేసిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి పోయింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. మురుగుకాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని ‘నేరుగా గానీ పరోక్షంగా గానీ’ ప్రమాదకరంగా దించకూడదంది. ఆ ‘పరోక్షంగా’ అన్న మాట కాంట్రాక్టరు తెరని చించే మాట. కానీ ‘ప్రమాదకరం’ అంటే ఏమిటో చెప్పేచోట, రక్షణ పరికరాలు ఇవ్వకుండా దించడం అని నిర్వచించారు. అంటే పరికరాలిచ్చి దించడానికి సందు వదిలారు.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి జరిగిన ఇలాంటి చావులన్నిటికీ 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగినందుకు సంతోషించాలో, పెంచాల్సిన అవసరం ఇంకా ఉన్నందుకు ఏడవాలో తెలీదు.

మనం చెయ్యాల్సింది

మా పరిశోధనలో మాకు బోధపడ్డ చేదు నిజం ఒకటుంది. యూనియన్లు కూలి గురించి కొట్లాడాయి గానీ ఈ పనిలోకి ఒక్క కులాలవాళ్లే ఎందుకొస్తున్నారని గట్టిగా అడగలేదు. మన దళిత సంఘాలు రిజర్వేషన్ గురించి కొట్లాడాయి గానీ కాంట్రాక్టు చట్టాన్ని ‘యూనియన్ల పని’ అని వదిలేశాయి. పర్మినెంటు పోస్టుకి రోస్టరు ఉంటుంది, అర్జీ పెట్టొచ్చు. కాంట్రాక్టు ఊడ్పు పనికి ఏ రోస్టరూ లేకుండానే మాదిగలు, రెల్లివాళ్లు, మెహతర్లు నిండిపోతారు. ఎవరూ రాయని ఆ రిజర్వేషన్‌ని సవాలు చేసే పని ఇద్దరూ కలిస్తేనే అవుతుంది.

కార్యకర్తలకి ఒక మాట. 2001 తీర్పు ఒక కిటికీ వదిలింది. కాంట్రాక్టు వట్టి నాటకమని రుజువైతే కార్మికులు అసలు యజమాని మనుషులేనని కార్మిక న్యాయస్థానం చెప్పొచ్చు. రుజువు ఎక్కడుంటుంది? పని చెప్పింది ఎవరు, హాజరు వేసింది ఎవరు, చీపురు, బండి ఇచ్చింది ఎవరు, సెలవు ఇచ్చింది ఎవరు అన్నదాంట్లో ఉంటుంది. కాబట్టి మస్టరు నకళ్లు దాచుకోండి. ఇన్‌స్పెక్టరు సంతకం ఉన్న ప్రతి చీటీ దాచుకోండి. గుర్తింపు కార్డు పారెయ్యొద్దు. నియామక పత్రం రాతపూర్వకంగా అడగండి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. నంబర్లు కాంట్రాక్టరు మారినప్పుడల్లా సరిచూసుకోండి. చదువుకున్న పిల్లలు ప్రతి పేటలో ఈ కాగితాల పని నేర్చుకోవాలి. డిగ్రీ పట్టా మా ఇంటికి మొదటిసారి వచ్చింది మాతోనే. అది అమ్మ కాగితం నింపడానికి కూడా పనికిరాకపోతే ఆ పట్టా ఎందుకు?

చివరికి ఆ గడిలో ఆఖరి కాంట్రాక్టరు పేరే రాయాల్సి వచ్చింది. ఆరేళ్ల సొమ్ము వచ్చింది. మిగతా ఇరవై ఏళ్లకి ఆధారం చూపమన్నారు. అమ్మ దగ్గర ఆధారాలు లేవు, అరిగిన మోకాళ్లున్నాయి. మున్సిపాలిటీకి మేము వేరే అర్జీ పెట్టాం. అందులో ‘ప్రధాన యజమాని’ అన్న మాట కింద గీత గీశాం. అర్జీ ఇంకా అక్కడే ఉంది. మేమూ ఇక్కడే ఉన్నాం.